తొలిధార

ఆ ఏడు మే నెల మొదటివారంలో మా తమ్ముడు మలాకీ ఇంగ్లండు నుంచి తిరిగొచ్చాడు. పదకొండేళ్ల తరువాత రావడం. చేతిలో అట్టపెట్టె, గోళ్ల సందుల్లో పోని నూనె మరక, నోటినిండా మాటలు. అప్పటిదాకా మా ఇంట్లో మాటలు తక్కువ. నేనూ నా భార్య సబీనా ఇద్దరమే. నాకు మాట్లాడే అలవాటు లేదు. ఆమెకి ఒకప్పుడు ఉండేది.

వేసవిలో ఆవుల్ని పొలంలోనే పితుకుతాం. వచ్చిన మర్నాడు పొద్దున వాడు కంచెకి ఆనుకొని నిలబడి వదిన పాలు పితకడం చూశాడు. సబీనా పొదుగు తుడిచి, తొలిధార బకెట్టులోకి కాకుండా పక్కకి, లిస్ ఉన్న వైపు గడ్డి మీదికి పిండింది. "వాళ్లకి" అంది. రోజూ అనే మాటే.

"ఇంకా వాళ్లని మేపుతున్నావా వదినా? ఈపాటికి బాగా ఒళ్లు చేసి ఉంటారే!"

"నీ అంత తిండిపోతులు కాదులే. నిన్న వచ్చీ రాగానే రొట్టె మొత్తం అవగొట్టావు."

అని నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

మా ఇంటి వెనక పొలంలో నడుమెత్తు మట్టిగట్టు ఒకటి గుండ్రంగా తిరిగి ఉంటుంది. మధ్యలో చదును. గట్టు మీద తెల్లపూల ముళ్లచెట్లు. తూర్పున లోపలికి పోవడానికి ఒక సందు. దాన్నే లిస్ అంటాం. ఎవరు కట్టారో మా తాతలకే తెలీదు. అందులో వాళ్లుంటారు, కంటికి కనపడనివాళ్లు. వాళ్ల అసలు పేరు మేం ఎత్తం. ఆ ముళ్లచెట్ల కొమ్మ విరవం. సాయంత్రం వాకిట్లోకి నీళ్లు పారబోసే ముందు తప్పుకోమని చెబుతాం. మా అమ్మ కూడా తొలిధార వాళ్లకే పోసేది. నాకూ మలాకీకీ తొమ్మిదేళ్ల ఎడం. ఆ ఎడం గురించి చిన్నప్పుడు నేను ఆలోచించలేదు.

లిస్‌లో ఉండేది వాళ్లే కాదు. జ్ఞానస్నానం అందకముందే పోయిన పసిగుడ్డుల్ని ఆ రోజుల్లో చర్చి మట్టిలోకి రానిచ్చేవారు కాదు. తండ్రులు వాళ్లని లిస్‌లోకి తెచ్చేవారు. ఫాదరుగారు రారు, గంట మోగదు, తల్లి రాదు. మలాకీ తిరిగి రావడానికి ఏడేళ్ల ముందు, ఫిబ్రవరిలో, తెల్లవారుతుండగా నేను కొవ్వొత్తుల పెట్టె ఒకటి చంకన పెట్టుకొని అక్కడికి వెళ్లాను. మంత్రసాని గుడ్డలో చుట్టి ఇచ్చింది. తూర్పు సందు పక్కనే, గట్టు మొదట్లో తవ్వాను. అక్కణ్ణుంచి మా వంటింటి కిటికీ కనిపిస్తుంది. వాగులోంచి తెల్లరాయి ఒకటి తెచ్చి పైన పెట్టాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. సబీనా గోడవైపు తిరిగి పడుకొని ఉంది. ఎక్కడని అడగలేదు. నేను చెప్పలేదు. ఆడో మగో కూడా ఆమెకి తెలీదు. మంత్రసాని చూడనివ్వలేదు. అలా చెయ్యడమే తల్లికి మంచిదని అందరూ అనేవారు.

తరువాత పిల్లలు కలగలేదు. ఏడు వేసవులు ఆమె తొలిధార పోస్తూనే ఉంది. వాళ్లకి, అనేది.

మలాకీకి ఇదేమీ తెలీదు. అప్పుడు వాడు ఊళ్లో లేడు. ఇలాంటివి ఉత్తరాల్లో రాసేవి కావు.

వచ్చిన రెండు వారాలకే వాడు పని సంపాదించాడు. చిత్తడి పొలాలకి సర్కారు వాళ్లు కాలవలు తీయించి, గట్లు కొట్టించి, చదును చేయిస్తున్న రోజులవి. బుల్‌డోజర్ తోలడం వాడికి ఇంగ్లండులోనే వచ్చు. ఒక సాయంత్రం బల్ల దగ్గర ఉడికిన బంగాళాదుంప తొక్క వలుస్తూ ఎత్తుకున్నాడు.

"అన్నా, వెనక పొలం సర్కారు పనికి రాయించు. సగానికి సగం రెల్లేగా? కాలవలు పడ్డాయంటే ఇంకో నాలుగు ఆవుల్ని మేపొచ్చు. నేను మళ్లీ ఓడ ఎక్కక్కర్లేదు. ఇక్కడే మీ పొయ్యి ముందు కూచుని ముసలాణ్ణయిపోతా."

"రాయిద్దాం" అన్నాను.

"ఆ లిస్ కూడా తోసేస్తే పొలం ఒకే పలక అవుతుంది."

"లిస్ జోలికి పోకు."

"ఎందుకూ?"

"వద్దు."

"చూశావా వదినా? మీ ఆయన ఇవాళ్టి మాటలన్నీ వాడేశాడు. రేపటిదాకా ఇంక దొరకవు."

సబీనా ఈసారి నవ్వలేదు. లేచి టీకెటిల్ పొయ్యి మీదికి జరిపింది.

"అక్కడ వాళ్లుంటారు" అంది.

"బర్మింగ్‌హామ్ రోడ్డు కోసం ఇలాంటి దిబ్బలు ఎన్ని తోశానో తెలుసా? ఒక్కడంటే ఒక్కడు బయటికొచ్చి 'ఏవయ్యా, ఏంటిది' అని అడగలేదు."

"ఇంగ్లండు వాళ్లు వేరుగా ఉంటారేమో. మర్యాదస్తులు."

మలాకీ పగలబడి నవ్వాడు. నేను దుంప మీద ఉప్పు చల్లుకున్నాను. వాడు మాత్రం లిస్ సంగతి వదిలిపెట్టలేదు. పొయ్యిలో కాల్చే మట్టిపెళ్లలు చిత్తడినేలలో కోస్తున్నప్పుడు ఎత్తేవాడు. గడ్డి తిరగేస్తున్నప్పుడు ఎత్తేవాడు. ఎత్తినప్పుడల్లా నేను వద్దనేవాణ్ణి. వాళ్లకి భయపడే పాతకాలపు మనిషినని నన్ను ఆటపట్టించేవాడు. ఆ మాటే నిలవనిచ్చాను. దాని వెనక ఉండటం నాకు తేలిక.

జూన్ నెలాఖర్లో సర్కారు మనిషి వచ్చాడు. తోలుసంచీ, మడతలు పెట్టిన పటం, బురద అంటని బూట్లు. సబీనా గుడ్డు ఉడకబెట్టి పెట్టింది. ఆయన గుడ్డు పక్కకి జరిపి పటం బల్ల మీద పరిచాడు.

"ఈ పొలాన్నేమంటారు?"

"లిస్ పొలం."

"మొత్తం చేయించాలా, కొంతేనా?"

మా పొలాలన్నిటికీ పేర్లున్నాయి. లిస్ పొలమంటే లిస్ చుట్టూ ఉన్న పొలం. లిస్ అందులోది కాదు. అది ఏ పొలంలోదీ కాదు. అన్నదమ్ములు భూమి పంచుకునేటప్పుడు దాన్ని ఎవరి వాటాలోనూ వెయ్యరు. గడ్డి కోసేవాడి కొడవలి అక్కడికొచ్చేసరికి దానంతటదే పక్కకి తిరుగుతుంది. ఇది మా ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతి. ఆయనది మా ఊరు కాదు. ఆయన పటంలో ఎర్రగీత పొలం అంచు వెంబడి తిరిగి వచ్చింది. లోపల ఏముందో గీతకి పట్టదు.

"మొత్తం" అన్నాను.

మూడేళ్లు బడికి పోయినవాణ్ణి. కాగితం చదవడానికి కూర్చుంటే ఆయనకి పొద్దుగూకుతుంది. పేరు రాయడం వచ్చు. రాశాను. గుమ్మంలో నిలబడ్డ మలాకీ నావైపు వింతగా చూశాడు. ఆయన వెళ్లాక వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మనిషివన్నా!" అన్నాడు.

ఎందుకన్నాడో అర్థం కాలేదు. అడగాల్సింది. అడగలేదు.

జులై చివరి ఆదివారం. పూజ అయ్యాక మగవాళ్లం చర్చి గోడకి ఆనుకొని కాసేపు నిలబడతాం. మా పక్క పొలం కోల్‌మన్ మామ నా దగ్గరికి జరిగాడు. డెబ్బై ఏళ్ల మనిషి. నాలుగు మాటలు చెబితే అందులో మూడు వాళ్ల గురించే.

"ఏరా ఫెస్టస్, ఇంక మూతి జాగ్రత్తగా పెట్టుకో."

"ఏం మామా?"

"మా తాత లిస్‌లో ఒక్క కొమ్మ కోశాడు, గాడిదని అదిలించడానికి. ఒక్కటంటే ఒక్కటి. మూతి చెవిదాకా పోయింది. చచ్చేదాకా టీ ఒక పక్కనుంచే తాగాడు. మీరు గట్టుకి గట్టే ఎత్తేస్తున్నారట. మీ మూతి ఎక్కడిదాకా పోతుందో చూడాలని ఉంది."

"లిస్ కాదు. పొలం."

"రేపు పొద్దున్నే మొదలంటున్నాడే మీ తమ్ముడు! ముందు లిస్సేనట. మొత్తమని నువ్వేగా రాసిచ్చావు?"

గోడ వెంబడి నవ్వులు లేచాయి. కొందరు నవ్వలేదు. ముగ్గురు నలుగురు బూట్లు చూసుకుంటూ నిలబడ్డారు. వాళ్లెందుకు నవ్వలేదో నాకు తెలుసు. వాళ్లూ ఎప్పుడో ఒక తెల్లవారుజామున పెట్టె పట్టుకొని నడిచినవాళ్లే. ఒక్కడైనా నోరు తెరుస్తాడేమోనని చూశాను. వాళ్లు నావైపు చూశారు, నేను తెరుస్తానేమోనని.

ఇంటికి నడుస్తూ సబీనాకి చెప్పలేదు. దారి పొడుగునా ఆమె ముందు నడిచింది, నేను వెనక నడిచాను.

సాయంత్రం మలాకీ గేటు దగ్గర బుల్‌డోజర్ బండి గొలుసులకి గ్రీజు రాస్తున్నాడు. ఇంకా వెలుగుంది.

"మలాకీ, లిస్ వదిలెయ్."

"సంతకం పెట్టావుగా?"

"పొలానికి పెట్టాను."

"మరి లిస్ ఎక్కడుంది? ఆకాశంలోనా?"

"వాళ్లు ఊరుకోరు."

వాడు డబ్బా కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అన్నా, పదకొండేళ్లు ఒక్క గదిలో ఎనిమిది మందిమి పడుకున్నాం. ఒకడు పనికి లేస్తే ఇంకొకడు ఆ వెచ్చటి పక్కలోనే దూరేవాడు. నేనక్కడికి మళ్లీ పోలేను. ఇక్కడ నిలబడాలంటే నాక్కూడా కాస్త నేల కావాలి. వాళ్లూ వీళ్లూ అనకు. నిజమైన కారణం ఒక్కటి చెప్పు, ఆపేస్తాను. అమ్మ మీద ఒట్టు."

వాడు ఒట్టేస్తే నిలబెట్టుకుంటాడు. నాకు కావలసినవి మూడే మాటలు. నా కూతురు అక్కడుంది. అవి నోట్లోకి వచ్చాయి. పళ్లదాకా వచ్చాయి. దాని తల్లికే చెప్పని మాట ముందు వీడికెలా చెప్పను అనిపించింది. అది సాకో నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"ముళ్లచెట్టు కొడితే అరిష్టం" అన్నాను.

మలాకీ మళ్లీ డబ్బా అందుకున్నాడు.

సోమవారం సన్నగా తుంపర. సబీనా ఎర్రావు పక్కన పీట వేసుకొని కూర్చుంది. తొలిధార పిండింది. ఆ మాట అన్నదో లేదో బండి హోరులో వినపడలేదు.

లిస్‌లోకి బండి పట్టాలంటే సందు వెడల్పు చెయ్యాలి. మలాకీ అక్కడే మొదలుపెట్టాడు. మొదటి తోపుకి సందు పక్క గట్టు ఒరిగింది. రెండో తోపుకి మట్టీ రాళ్లూ వేళ్లూ కలిసి కుప్ప అయ్యాయి. ఆ కుప్పలో తెల్లగా ఒకటి పైకొచ్చి, దొర్లి, మళ్లీ మునిగిపోయింది. నేను కంచె పట్టుకొని నిలబడి ఉన్నాను. అరిస్తే వినపడేంత దూరం. అరవలేదు.

సబీనా బకెట్టు పట్టుకొని లేచింది. పరుగెత్తలేదు. చర్చిలో దివ్యప్రసాదానికి వరసలో నడిచినట్టు నడిచింది. బండి ముక్కు ముందునుంచే లోపలికి వెళ్లి చదును మధ్యలో నిలబడింది. చుట్టూ గడ్డిలో చిన్న చిన్న రాళ్లు. కొన్నిటిని పూర్తిగా నాచు కప్పేసింది.

మలాకీ ఇంజను ఆపాడు.

"తప్పుకో వదినా! తడిసిపోతున్నావు. వాళ్లకి పాలు ఇంకో చోట పోద్దువులే. నేనే వాళ్లకి మంచి దిబ్బ ఒకటి కట్టిస్తా, గేటు కూడా పెట్టిస్తా."

ఆమె వాడివైపు చూడలేదు. నావైపు చూసింది.

"ఎక్కడ?" అంది.

ఏడేళ్లకి ఆ ఒక్క మాట.

మలాకీ ఆమెని చూశాడు. నన్ను చూశాడు. ఆ తరువాత గడ్డిలో రాళ్లని చూశాడు. వాడు తెలివితక్కువవాడు కాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

నా చెయ్యి లేచింది. సందు వైపు, ఆ మట్టికుప్ప వైపు లేచింది. సగంలో ఆపాను. పడమటి గట్టు కింద ముళ్లచెట్టు మొదట్లో వేరే తెల్లరాయి ఒకటుంది. ఎవరి బిడ్డదో తెలీదు. మా అమ్మ బిడ్డదే కావచ్చు. చెయ్యి అటు తిప్పాను.

"అక్కడ" అన్నాను.

ఆమె వెళ్లి రాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. బకెట్టు వంచి పాలన్నీ పోసేసింది. గడ్డి మీద తెల్లగా కాసేపు నిలిచి, ఇంకిపోయాయి. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఏం బిడ్డ?"

"ఆడపిల్ల."

"నువ్వు చూశావా?"

"చూశాను. కళ్లు మూసుకునే ఉన్నాయి. జుట్టుంది. నీ జుట్టే."

ఆమె తల ఊపింది. జుట్టు మాట నిజం. ఆ రోజు బిడ్డ గురించి నేను ఆమెకి చెప్పినదంతా నిజమే, చోటు తప్ప.

బండి అక్కడే మూడు రోజులుంది. వాన పట్టుకుంది. గొలుసులు మట్టిలోకి దిగిపోయాయి. దాన్ని లాగడానికి పక్క ఊరి నుంచి ఇంకో బండి రావాల్సొచ్చింది. మలాకీ ఆ మూడు రోజులూ పారతో ఆ కుప్పని వెనక్కి పోశాడు. అన్నం వేళకి పిలిచినా వచ్చేవాడు కాదు. గట్టు తిరిగి నిలబడలేదు. చివరికి మట్టి సమంగా పరిచి, గడ్డిపెళ్లలు కోసుకొచ్చి పైన కప్పాడు. మూడో రోజు నేను టీ పట్టుకెళ్లాను. వాడు జేబులోంచి చెయ్యి తీసి చూపించాడు. అరచేతిలో తెల్లరాయి. వాగురాయి, నున్నటిది.

"కుప్పలో దొరికింది" అన్నాడు. "ఇది ఎవరిదన్నా?"

నేను టీ వాడికి అందించాను. వాడు నా ముఖం చూసి, తెల్లబోయాడు. గడ్డిపెళ్లల మీద కూలబడ్డాడు.

"ఒక్క మాట అన్నా. గేటు దగ్గర అడిగానుగా! ఒక్క మాట చెబితే ఏం పోయింది?"

"వదినకి చెప్పకు."

"చెప్పను" అన్నాడు. ఆ రాయి కోసం చెయ్యి చాపాను. వాడు ఇవ్వలేదు. గడ్డిపెళ్ల ఒకటి ఎత్తి, దాని కింద పెట్టి, మళ్లీ కప్పాడు.

ఆగస్టు చివర్లో మలాకీ ఓడ ఎక్కాడు. ఉండమని సబీనా బతిమాలింది. పని బాగుందని ఉత్తరం వచ్చిందని అబద్ధం చెప్పాడు. ఆ ఉదయం రొట్టె ముక్క కూడా తినలేదు. తరువాత ఉత్తరాలు రాశాడు గాని, మనిషి మళ్లీ రాలేదు. వాళ్లే బండిని మూడు రోజులు పట్టుకున్నారనీ, తోలినవాణ్ణి సముద్రం దాటించేదాకా ఊరుకోలేదనీ కోల్‌మన్ మామ ఊరంతా చెప్పాడు. ఇప్పటికీ అలాగే చెప్పుకుంటారు. చిన్నవాళ్లు వచ్చి నన్ను అడుగుతారు. నేను కాదనలేదు. నా మూతి ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉండి మూసుకునే ఉంది.

సబీనా ఆ తరువాత తొలిధార గడ్డి మీదికి పిండడం మానేసింది. రేకు గ్లాసులోకి పిండి, పితకడం అయ్యాక దాన్ని పట్టుకొని లిస్‌లోకి వెళ్లేది. నేను వెంట వెళ్లేవాణ్ణి కాను. నేను చూపించిన రాయి దగ్గర ఆమె వంగడం దూరం నుంచి చూడటమే నాకు కష్టంగా ఉండేది.

అక్టోబరు వచ్చింది. ఇంకో వారంలో ఆవుల్ని కొట్టంలోకి మార్చాలి. ఒక పొద్దున లిస్ పక్క కంచె తీగ బిగిస్తూ గట్టు వెనక వంగి ఉన్నాను. పొగమంచు. ఆమె నన్ను చూడలేదు. ముళ్లచెట్టు కిందికి వెళ్లింది. గ్లాసు కొంచెమే వంచింది.

"వాళ్లకి" అంది.

లేచి, తిరిగి వస్తూ, తూర్పున సందు ఉన్నచోట ఆగింది. గడ్డిపెళ్లలు అతుక్కొని కొత్త పచ్చిక లేచిన చోటు. అక్కడ కూర్చుంది. గ్లాసులో మిగిలిందంతా నెమ్మదిగా పోసింది.

"దానికి" అంది.

నా చేతిలో సుత్తి జారి తీగకి తగిలింది. ఆమె తలెత్తి చూసింది. గ్లాసు అడుగు వేలితో తుడిచి, వేలు గడ్డికి రాసింది.

"టీ చల్లారిపోతుంది, రా" అంది.

వెళ్లాను.